ఎర్ర డబ్బాలో కొత్త బ్యాటరీలు

అచ్చిబాబు బాబాయ్ గారూ,

వఫ్రాలో పనికి తీసుకెళ్ళే బండి కింద హారన్ కొడుతోంది. నాలుగు రోజులకి గానీ రాను. మీరు పీల్చే వేప్‌లో పాత బ్యాటరీలు తీసేశానండి. బ్యాటరీ పైతొడుగు చిరిగితే, గాయానికి వేసినట్టు ప్లాస్టర్ అంటించి వాడతారా ఎవరైనా? పైగా ఇంకో బ్యాటరీ తాళాల గుత్తితో కలిపి జేబులో వేసుకుంటున్నారు. ఇనుము తగిలితే జేబులోనే మండిపోద్ది! శుక్రవారం సంతలో బ్యాటరీ మీద రాసిన పెద్ద అంకె చూసి ఇక కొనకండి. ఇరవై ఆంప్స్ కరెంటు ఆగకుండా ఇచ్చే అసలువి రెండు తెచ్చి ఎర్ర డబ్బాలో పెట్టాను. రెంటినీ జంటగానే వాడండి, జంటగానే చార్జింగ్ పెట్టండి.

మన గదిలో నా ఆయాసం చూడలేకే మీరు సిగరెట్లు మాని ఈ వేప్ పట్టారని పిన్ని గారు ఫోన్లో చెప్పారండి. మీరు నాకు చెప్పనే లేదు.

సూర్యకిరణ్

అన్నట్టు, నా ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు. రెండు నెలలుగా దాని అవసరమే పడలేదండి.