బండి ఇంకెన్నాళ్లు తిప్పుతారు?

పొదిలి,
శుక్రవారం.

ప్రభువునందు ప్రియమైన అక్కకు, చెల్లెలు సుగుణ వందనాలు.

నాన్నకు చివరి రోజుల్లో తన జబ్బేమిటో తెలుసా అక్కా? ఇన్నేళ్లుగా నిన్ను అడగాలనుకుంటూనే అడగలేదు. పుండు మానిపోతుందని మనమంతా కూడబలుక్కుని చెప్పాం. ఆయన సరేనన్నారు. మంచం పక్కన కూర్చున్నదానివి నువ్వు. నీతో ఏమైనా అన్నారా? ఇప్పుడు నాకది తెలియాలి.

క్షేమ సమాచారాలు తరవాత అడుగుతున్నానని ఏమీ అనుకోకు. బావగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? పిల్లలు బాగా చదువుతున్నారా? నా మటుకు నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. నా ఉద్యోగం కోసం సత్తెనపల్లి వదిలి వచ్చి రెండేళ్లు కావస్తున్నా ఈ ఊరి నీళ్లు నాకు అలవాటు కాలేదు. ఈ ఉప్పు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకులుగానే ఉంటుంది. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడే నా గొంతు నాకు వినిపిస్తుంది. ఇంట్లో మీ మరిదిగారికి గొంతు పెగలదు. ఆయన అంత మెల్లగా అన్న మాటకు నేను పెద్దగా బదులు చెప్పలేను.

ఆయన గొంతుకు కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయిపోయింది. ఇప్పుడు వారం వారం గుంటూరు తీసుకెళ్లి సూది వేయించాలి. బస్సు కుదుపులకు తట్టుకోలేరు కాబట్టి, పత్తి కొనడానికి ఊళ్లు తిరిగే రోజుల్లో ఆయన కొన్న ఆ పాత కారునే నమ్ముకున్నాం. నడిపేది నేనే. మొదటి రోజు టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏంటి మేడం, సార్‌ని డ్రైవర్ పనిలోంచి తీసేశారా?" అన్నాడు. "జీతం పెంచమన్నానండీ, అంతే, తీసేసింది" అన్నారు ఈయన.

డాక్టరుగారు నన్నొక్కదాన్నే పిలిచి, వానలు పడేదాకా ఉంటే గొప్పే అన్నారు. ఈయనకు చెప్పలేదు. మన ఇళ్లలో ఎవరు చెబుతారు?

మొన్న మంగళవారం చిలకలూరిపేట దాటాక టైరు పంక్చరైంది. నాలుగూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఒకదానికి లోపలి దారాలు బయటికొచ్చాయి. ఆయన దిగి, పత్తిని చూసే అలవాటు కొద్దీ ఆ దారాన్ని రెండు వేళ్లతో లాగి, "పింజ పొడుగ్గానే ఉందే, మంచి రేటు పలుకుద్ది" అన్నారు. నేను నవ్వాను. ఈమధ్య నవ్వడం కూడా ఒక పనిలాగే చేస్తున్నాను.

ఆసుపత్రి అయ్యాక బ్రాడీపేటలో ఒక టైర్ల షాపుకి వెళ్లాం. కొత్తవి వేయిస్తే మందులకని దాచిన డబ్బు చాలావరకు పోతుంది. అరిగిన టైరు మీద మళ్లీ రబ్బరు వేసినవి ఉన్నాయి, రీట్రెడ్ అంటారు, చవక. కాకపోతే ఎండల్లో ఆ పై రబ్బరు ఊడి రావచ్చునట. షాపాయన మామూలుగానే అడిగాడు.

"బండి ఇంకెన్నాళ్లు తిప్పుతారు సార్? ఈ ఎండాకాలం గడిపి అమ్మేస్తారంటే రీట్రెడ్ చాలు. నాలుగేళ్లు ఉంచుకుంటారంటే మాత్రం కొత్తవి వేయించుకోండి."

ఆయన నా వైపు చూశారు. నేను టైర్ల వైపు చూస్తూ "కొత్తవే" అన్నాను, కాస్త తొందరగా. పైసా దగ్గర గంటసేపు బేరమాడే మనిషి, అసలు బేరమే ఆడలేదు. "వచ్చే వారం చెబుతాంలేవయ్యా" అని బయటికి నడిచారు.

కారెక్కాక ఆ బొంగురు గొంతుతో అన్నారు. "సుగుణా, డాక్టరు ఏం చెప్పాడో నువ్వు చెప్పు. ఏ టైర్లు కొనాలో నేను చెబుతా."

"తగ్గుతుందనే అన్నారండీ."

"అయితే కొత్తవే వేయిద్దాం."

ఒంగోలు దాటాం. పొదిలి దగ్గర పడుతుండగా, "నాలుగూ ఎందుకులే, రెండు చాలు" అన్నారు. నా మాట నమ్మి అన్నారో, నమ్మినట్టు నాకోసం అన్నారో. ఎం.ఏ. చదివానన్న మాటే గాని, కట్టుకున్న మనిషి అన్న నాలుగు ముక్కలకు అర్థం చెప్పలేకుండా ఉన్నాను. రీట్రెడ్ అంటే ఆయనకు నిజం చెప్పేసినట్టే. కొత్తవంటే, జన్మలో నాసిరకం సరుకు కొనని మనిషి చేత నా అబద్ధాన్ని కొనిపించినట్టు.

ఈ ఏడు కొత్త కారం పంపకు అక్కా. ఆయనకు మజ్జిగన్నమే మింగుడు పడడం లేదు, నా ఒక్కదానికి ఎందుకు? ఆదివారం గుడిలో ఆయన కోసం ప్రార్థన చేయించు, కానీ జబ్బు పేరు ఎత్తనివ్వకు. ఎవరో ఒకరి నోట ఆ మాట ఇక్కడిదాకా వస్తుంది. బావగారికి, సంఘ పెద్దలకు మా ఇద్దరి వందనాలు. పిల్లలకు ముద్దులు. నేను ధైర్యంగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు.

మంగళవారం మళ్లీ వెళ్లాలి, షాపులో ఏదో ఒకటి చెప్పాలి. ఏ టైర్లు వేయించాలో, ఆయనకు చెప్పాలో వద్దో, నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకోగలనని కూడా అనిపించడం లేదు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుగుణ