రమ్మని రాయని ఉత్తరాలు

ఖమ్మం,
12 జూన్ 2005

మహిమ నాన్నకు,

ఫోన్ చేద్దామంటే బూత్‌లో నా వెనక ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఇవి నలుగురిలో అనే మాటలు కావు, అందుకే రాస్తున్నాను.

ఇవాళ చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే వేళకు అత్తమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెబుతుందనుకున్నాను. "మా కోడలికి ఏన్కూరు బళ్ళె కొలువిచ్చిన దేవునికి వందనాలు" అంది. ఇంటర్వ్యూ ఇరవై మూడున కదా. నేను కొంగు లాగుతున్నా కూర్చోలేదు. బయటికొచ్చాక అందరూ నా చేతులు పట్టుకుని సంతోషపడుతుంటే కాదనలేకపోయాను. ఇంటికొచ్చి అడిగితే, "ఇయ్యకముందు చెప్తేనే విశ్వాసం బిడ్డా. వచ్చినంక చెప్తే అది వార్త" అంది మీ అమ్మ.

నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది.

నాకు నలభై మూడు. ఎం.ఏ. చరిత్ర. పోయిన నెల ఒక కాలేజీలో నాకంటే చాలా చిన్నాయన, "చరిత్ర ఎవరు చదువుతున్నరు మేడం, లెక్కలు చెప్తరా?" అన్నాడు. ఇంటికొచ్చి చీర మడతపెట్టి బీరువాలో పెడుతుంటే ఇక దాన్ని తీయొద్దనిపించింది. అట్లాంటప్పుడు మీ ఉత్తరాలు చదువుకునేదాన్ని. "మానకు ఫ్లోరెన్స్, ప్రయత్నం చెయ్యి, నీకు తప్పక వస్తది." ప్రతి ఉత్తరంలో అదే. ఒకప్పుడు ఆ మాటే నన్ను నడిపించింది. ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది.

ఎందుకో చెప్పేస్తాను. మీరు చర్ల దవాఖానాలో చేరి ఐదేళ్ళు. మీరు ఉద్యోగం ఉండి అక్కడ, నేను ఉద్యోగం లేక ఇక్కడ. మన మహిమ నర్సింగ్ హాస్టల్‌కు పోయాక ఈ ఇంట్లో నాకు పనేముంది? రోడ్లు బాగాలేవంటారు, పోలీసు క్యాంపులంటారు, వానొస్తే వాగులంటారు. అక్కడ ఆడవాళ్ళు బతకడం లేదా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రమ్మని రాయలేదు. నాకు చెబుతున్న ధైర్యమంతా నన్ను ఇక్కడే ఉంచడానికేమోనని అనుమానం. తప్పయితే తప్పని రాయండి. మీరు వచ్చిపోయినప్పుడల్లా మీ తువ్వాలును వెంటనే ఉతకబుద్ధి కాదు నాకు. ఈ వయసులో ఇది రాయడం సిగ్గుగానే ఉంది, అయినా కొట్టెయ్యను.

ఏన్కూరు మాత్రం పోను. నాకు ఓపిక లేదు.

మీ
ఫ్లోరెన్స్


చర్ల,
17 జూన్

ఫ్లోరెన్స్‌కు,

నీ ఉత్తరం మందులిచ్చే కిటికీ కాడనే చదివిన. లైన్ల నిలబడ్డ జంపక్క "ఏంది సారూ, గోళీలిస్తవా, ఇంటికి పొమ్మంటవా" అని కసిరింది.

నాకు రాయొస్తలేదు. నువ్వు ఎం.ఏ., నేను ఫార్మసీ డిప్లొమా. పెండ్లయిన కాణ్ణుంచి ఒకటే భయం, నా ఎంబడి తిప్పుకొని నీ చదువును అడవిల పారేసిన్నని ఎన్నడన్న అంటవేమోనని. అందుకే రమ్మనలే. రావొద్దని కాదు. ఇక్కడ ఒకటే గది, పైన రేకులు. వానొస్తే పక్కన మనిషి మాట వినపడదు. ఇప్పటికీ ఇద్దరికి సరిపోను బియ్యం పోస్త, మిగిలింది పొద్దున తింట.

రా. ఏన్కూరు పోతవో పోవో, అది నీ ఇష్టం.

బెంజమిన్


ఖమ్మం,
24 జూన్

మహిమ నాన్నకు,

మీ ఉత్తరం మంగళవారం అందింది. నిన్న పొద్దున, పోనని మీకు రాసిన మనిషిని, చీర ఇస్త్రీ చేసుకుని ఏన్కూరు బస్సెక్కాను. ఎందుకని అడగకండి, నాకూ సరిగ్గా తెలియదు. ఇది రాకపోతే ఎక్కడా చోటు లేదనే దిగులు లేకుండా ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఎనిమిదో తరగతికి కాకతీయుల పాఠం ఎట్లా మొదలుపెడతారని అడిగారు. చెరువుతో మొదలుపెడతానన్నాను, పిల్లలకు రాజు తెలియదు, చెరువు తెలుసు. రాసుకుంటున్నాయన కలం ఆపి విన్నాడు.

ఉద్యోగం రాలేదు. ఇంగ్లీషులో బాగా చెప్పిన ఒకమ్మాయికి ఇచ్చారు. చక్కగా చెప్పింది కూడా, నేను విన్నాను. బాధ లేదంటే అబద్ధం. కానీ ఏడవలేదు. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిని, భద్రాచలం నుంచి చర్లకు బస్సులు ఎప్పుడెప్పుడో కనుక్కున్నాను.

ఉద్యోగం రాలేదని, మీ దగ్గరికి వస్తున్నానని అత్తమ్మకు చెప్పాను. మరి ఆదివారం చర్చిలో ఎట్లా అన్నాను. "నా నోరే తొందరపడ్డది, నేనే లేచి చెప్పుకుంట. నువ్వు పో. నేను నా బిడ్డ, అల్లుని ఇంట్ల ఉంట" అంది. తర్వాత, "ఆడికి పోయి ఊకె కూసుంటవా?" అని కూడా అడిగింది.

కూర్చోను. చర్లలోనూ బళ్ళున్నాయి, వెతుకుతాను. దొరుకుతుందో లేదో, ఆ అనుమానం నాతోనే వస్తుంది. ఉద్యోగం దొరక్క మొగుడి దగ్గరికి పోతోందని ఇక్కడివాళ్ళు అంటే అననివ్వండి. మీరు మాత్రం అట్లా అనుకోవద్దు. మీరు రమ్మన్నారని వస్తున్నాను.

బుధవారం సాయంత్రం బస్సుకు దిగుతాను. నా కోసం డ్యూటీ వదిలి రావద్దు. వస్తే మాత్రం ఏమీ అనను.

మీ
ఫ్లోరెన్స్