దారం పట్టే పళ్లు

మా క్రేను దొరగారికి,

వీడియో కాల్ ఎత్తడం లేదని అలిగి, అక్కడ క్రేను నడుపుకుంటూ మీరు నాకు ఫోన్ చెయ్యడమే మానేశారు. అత్తయ్యతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు. "వాడికి బెంగగా ఉందే, ఏమైనా దాస్తున్నావా?" అని నిన్న ఆవిడ నన్ను నిలదీసింది. దాస్తున్నానండీ. ఫోన్లో చెప్పడానికి నోరు రాక కాగితం మీద రాస్తున్నాను.

పోయినసారి మీరు సెలవుకి వచ్చినప్పుడు నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మీరు పక్కన కూర్చుంటే పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లేచిపోయాను. వెళ్లేముందు "నేనేం తప్పు చేశాను?" అని అడిగారు. మీ చొక్కాలు మడతపెడుతూ వినపడనట్టు ఊరుకున్నాను. మీరేమీ చెయ్యలేదు. నా నోరు వాసన వేస్తోంది. ఈ ఒక్క ముక్క రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో లెక్కలేదు.

జబ్బు చిగుళ్లకి. రక్తం కారుతోంది, పై వరసలో ముందు పళ్లు కదులుతున్నాయి. నా పనేమిటో మీకు తెలుసు. కనుబొమలు తియ్యాలంటే దారం కొస పళ్లతో బిగించి పట్టాలి, రెండు చేతులతో మెలిక ఆడించాలి, నా ముఖం కస్టమరు ముఖం మీదకి వంగాలి. మొదట రక్తం కనబడినప్పుడు పార్లరు బుద్ధే చూపించాను. కనుబొమ దగ్గర చర్మం గీసుకుంటే పటిక రాస్తాం, రక్తం ఠక్కున ఆగుతుంది. చిగుళ్లకీ అదే రుద్దాను. ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయి, రక్తం కనబడినప్పుడల్లా పటిక రుద్దుకుంటూ, నొప్పిగా ఉన్నచోట బ్రష్షు తగలకుండా చూసుకుంటూ నెట్టుకొచ్చాను. పైపైన రక్తం ఆగుతూనే ఉంది, లోపల జబ్బు ముదురుతూనే ఉంది. మొన్న ఒక బ్యాంకు ఆఫీసరమ్మ కనుబొమలు తీస్తుంటే తెల్లదారం మీద ఎర్రటి మరక కనబడింది. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

మన వీధి చివరి పళ్ల డాక్టరుకి చూపించుకున్నాను. పళ్లని పట్టి ఉంచే ఎముక తగ్గిందట. చిగురు కోసి శుభ్రం చేసి కుట్లు వెయ్యాలట, లేదంటే పళ్లు పీకెయ్యడమేనట. లేజరుతో చేసే పద్ధతి కూడా ఒకటుందట. "నా దగ్గర ఆ మెషీను లేదమ్మా. పెద్దాసుపత్రిలో ఉంది, అక్కడా వారానికి ఒక్కరోజే చేస్తారు. ఎప్పటికి పిలుస్తారో నేను చెప్పలేను" అన్నాడు. కోతంటే నాకు హడలు. ఎదురుచూసే ఓపిక అసలే లేదు. అందుకని ముందు పళ్లు పీకించేసి కట్టుడుపళ్లు పెట్టించుకోవాలని నిశ్చయించుకున్నాను. శుక్రవారం రమ్మన్నాడు. ఈసారి మీరు వచ్చేసరికి అంతా చక్కగా ఉంటుంది, మీరేమీ అడగనక్కర్లేదు.

కత్తెరలా ఆడే నోరని మీరు పెట్టిన పేరుకి మచ్చ తెస్తూ మాటలు తగ్గించుకున్న
మీ కత్తెర


క్రేను దొరగారికి,

ఉత్తరం అందగానే మీరు ఫోన్ చేసింది నాక్కాదు, మళ్లీ అత్తయ్యకే. ఆవిడ స్పీకరు పెట్టి వినిపించింది. "క్రేను ఊగుతోందని క్రేనునే విప్పి పారేస్తామా అమ్మా? కింద నేల గట్టిగా ఉందో లేదో చూస్తాం. దాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అన్నారు. వాసన సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. సంతోషం వేసిందండీ, అందుకే.

అయినా మొండికేశాను. శుక్రవారం చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య తన కట్టుడుపళ్లు తీసి గ్లాసుడు నీళ్లలో వేసి నా ముందు పెట్టింది. "రేపు నీవీ ఇలాంటివేగా. వీటితో దారం బిగించి లాగితే దారం వస్తుందో పళ్లే వస్తాయో ఆలోచించుకో" అంది బోసినోటితో. ఆపిల్ ముక్క కొరకడానికి ఆవిడ పడే పాట్లు రోజూ చూసేదాన్నే. చెప్పులు విప్పేశాను.

పెద్దాసుపత్రిలో పేరు రాయించుకుని, పిలుపు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను. అక్కడి డాక్టరమ్మ కల్లబొల్లి మాటలు చెప్పే మనిషి కాదు. "లేజరంటే మంత్రం కాదండీ. ముందు పంటి వేళ్లదాకా లోతుగా క్లీనింగ్ చెయ్యాలి. ఆ తర్వాత కూడా మానని చోట్ల లేజరు వాడదాం. కొందరికి కోత తప్పదు, మీకు తప్పవచ్చు. పక్క పన్ను ఒకటి మాత్రం నిలబడదు" అంది. క్లీనింగులు అయ్యాయి. లేజరు రోజున నాకూ, తనకీ, నర్సుకీ నల్ల కళ్లద్దాలు. ముగ్గురం సినిమాలో దొంగల్లా ఉన్నాం. చిగురు మొద్దుబారాక, దారమంత సన్నటి లేజరు పుల్లని పంటికీ చిగురుకీ మధ్య సందులోకి పోనిచ్చింది. కాస్త చురుకు, కాస్త మాడు వాసన, అంతే. చిగురు కొయ్యలేదు, కుట్లు వెయ్యలేదు. కదిలే పళ్లకి వెనకవైపు సన్నటి తీగ అతికించింది. నేను కుర్చీలోంచి లేస్తుంటే అడిగింది, ఏం పని చేస్తారని. ఎంతో గర్వంగా చెప్పాను.

"ఇకమీదట పళ్లతో దారం పట్టకూడదు. ఎప్పటికీ" అంది.

ఇంటికొచ్చి పార్లరు తలుపు కూడా తియ్యలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కనుబొమల కోసమే వస్తారు. ఈ పళ్లని దేనికి కాపాడుకున్నట్టు? పీకించుకున్నా ఇదే గతి, ఉంచుకున్నా ఇదే గతి. మీ నేల గట్టిపడింది గానీ, దాని మీద నిలబడే క్రేనుకి పని లేకుండా పోయింది.

దిగాలుగా,
మీ కత్తెర


ప్రియమైన మీకు,

ఈసారి దొరగారు లేరు, వెటకారం లేదు. సావకాశంగా చదవండి.

ఆ ఉత్తరం పోస్టు చేసొచ్చేసరికి అత్తయ్య నా కుర్చీలో మెడ వెనక్కి వాల్చి కూర్చుంది. "పళ్లతో పట్టొద్దంది గానీ అసలు పట్టొద్దనలేదుగా. ఆ కొస ఇంకెక్కడైనా తగిలించు" అంది. ఫోన్లో వెతికితే దారాన్ని మెడకి తగిలించుకుని పనిచేసేవాళ్లు కనబడ్డారు. ఎవరి మీద నేర్చుకోను అని గొణిగితే, "నా మీసం చాలదటే?" అంది. మొదటి రోజు సగమే ఊడింది. తక్కిన సగం వేసుకునే ఆవిడ బజారుకి వెళ్లొచ్చింది. నా మెడంతా ఎర్రగా కమిలింది. మెలిక ఎటు పోతుందో తెలిసేది కాదు, చిన్నపిల్లలా మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు అత్తయ్య మూతి అద్దంలా ఉంది, నా చెయ్యి పాత చెయ్యి అయింది.

డాక్టరమ్మ మళ్లీ చూసింది. పక్క పన్ను పోయింది. ముందు పళ్లు నిలబడ్డాయి. సందుల లోతు తగ్గింది, రక్తం రావడం లేదు, వాసనా పోయింది. ఇకముందు కూడా చెప్పిన రోజుకి వచ్చి చూపించుకోవాలి, బ్రష్షుకి భయపడకూడదు అంది. పోయిన ఎముక పూర్తిగా తిరిగి రాదట. ఉన్నది నిలిస్తే చాలనుకున్నాను.

నిన్న ఒక స్కూలు టీచరమ్మ వచ్చింది. నేను ముఖం మీదకి వంగగానే పెదాలు బిగించి ఊపిరి ఆపేసింది. దారం తీసేదాకా వదల్లేదు. అలా ఎందుకు చేస్తారో నాకంటే ఎవరికి తెలుసు? పని ఆపి, మెల్లగా అడిగాను. "చిగుళ్లలోంచి రక్తం వస్తోందా అండీ?" ఆవిడ ముఖం జేవురించింది. "మీ పని మీరు చూసుకోండి" అని లేచింది. నేను నోరు బార్లా తెరిచి, ఊడిన పన్ను చోటూ, వెనక తీగా చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత మళ్లీ కూర్చుని, "మావారికి కూడా చెప్పలేదు" అంది. సాయంత్రం పార్లరు మూసి ఇద్దరం వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్లాం. నన్ను చూశాక ఆయనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి ఇక్కడినుంచే పేర్లు రాయిస్తున్నాడు. సెలవు రోజుల్లో అక్కడికి వెళ్లి ఆ లేజరు పని నేర్చుకుంటున్నాడు కూడా. మెషీను తనదాకా ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలియదు. ముందు చెయ్యి అలవాటవ్వాలిగా అంటాడు.

టీచరమ్మతో అన్ని మాటలు చెప్పి ఇంటికొస్తుంటే మీరు గుర్తొచ్చారు. ముక్కూ మొహం తెలియని మనిషికి నోరు తెరిచి చూపించాను, మీకు మాత్రం వీపు చూపించాను. మీరు ఎంత నొచ్చుకున్నారో ఇప్పుడు తెలుస్తోంది. సెలవుకి ఎప్పుడొస్తారో రాయండి. ఈసారి పొయ్యి మీద ఏమీ ఉండదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అన్నీ చెవిలో చెప్పేవే. కాస్త దగ్గరగా వచ్చి కూర్చోండి.

మీ
కత్తెర