రాఘవమ్మ గారి కుడితి తొట్టి

నందిగామ,
19 జులై 1998.

సౌభాగ్యవతి అహల్యకు,

కుటుంబరావు ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఇంట్లో ఉన్నది నేనొక్కడినే కదా! కాబట్టి ఇక్కడ నేను క్షేమం. అక్కడ విశాఖలో నువ్వూ, బాలింత రాగసుధా, పసిదీ, పెద్ద మనవడు సుశాంతూ, అల్లుడు గారూ క్షేమమని తలుస్తాను.

మంగళవారం నీ ఉత్తరం అందింది. పసిదానికి నా ముక్కు వచ్చిందని రాశావు. దాని తిప్పలు అది పడుతుందిలే. రాగసుధకు పథ్యం కట్టుదిట్టంగా పెట్టు. అది బతిమాలితే నువ్వు కరిగిపోతావని నాకు తెలుసు.

ఇక నీ ప్రశ్నలు. తులసికి నీళ్ళు పోస్తున్నాను. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టే ఉంచాను. వంట బాగా చేసుకుంటున్నారా అని అడిగావు. చేసుకుంటున్నాను, "బాగా" అన్న మాట వదిలెయ్. పొద్దున మాత్రం మన వీధి చివర ప్రేమదాసు బండి దగ్గర ఇడ్లీ కట్టించుకుంటున్నాను. "తొక్కలూ, గంజీ రాఘవమ్మ గారి కుడితి తొట్టిలో వేస్తున్నారా?" అనీ అడిగావు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ముందు ఇంకో సంగతి. నువ్వు వెళ్ళిన పదకొండో రోజుకి మన గుమ్మం పక్కన చెత్త మోకాలి ఎత్తు చేరింది. ఒక్క మనిషి చెత్త! ఇడ్లీ పొట్లాలు, చట్నీ కవర్లు, మెత్తబడిపోయిన టమాటాలు, కొలత తెలియక ముగ్గురికి వండేసి పారబోసిన అన్నం. ఎదురింటి జయమణి టీచరు స్కూలుకు వెళ్తూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటి మాస్టారూ, అహల్య గారు ఊళ్ళో లేరా?" అంది. నువ్వు కనబడక అడగలేదు, గుమ్మం చూసి అడిగింది.

అప్పుడు నా లెక్కల బుర్రకు అనుమానం వచ్చింది. పిల్లలతో కలిసి ఐదుగురం ఉన్న రోజుల్లో ఈ ఇంటి చెత్త ఎటు పోయేది? ఎంత ఆలోచించినా జవాబు రాలేదు. నీ వంటిల్లు వెతకడం మొదలుపెట్టాను.

తలుపు వెనక మేకుకు గుడ్డ సంచులున్నాయి. అందులో ఒకటి నా పాత ప్యాంటు. దాని జేబు కూడా విప్పకుండా కుట్టావు, చిల్లర వేసుకోవడానికి కాబోలు. రాగసుధ చిన్నప్పటి గౌను దిండు గలీబు కావడం నాకు గుర్తుంది, ఇప్పుడది మసిగుడ్డ అయి పొయ్యి పక్కనుంది. కొబ్బరి పీచు బాయిలర్లోకి, ఆ బూడిద అంట్లలోకి పోతుందని పనిమనిషి చెబితే తెలిసింది. అటక మీద డబ్బాలో కడిగి ఆరబెట్టిన నూనె ప్యాకెట్లు దొరికాయి. అన్నిటికీ మూల కత్తిరించావు కానీ, ఒక్కదానికీ ఆ ముక్క ఊడలేదు. ఎందుకంత జాగ్రత్తో అప్పుడు అర్థం కాలేదు. పాత సామాన్లకు ఉల్లిపాయలిచ్చే అతను వచ్చి, "అమ్మగారు లేరా అండి? నా ప్యాకెట్ల కట్ట తీసి ఉంచుతారే" అన్నాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదు.

అహల్యా, నిరుడు జన్మభూమి సభలో మైకు పట్టుకుని పరిశుభ్రత మీద ముప్పావుగంట మాట్లాడాను. నువ్వు ఆడవాళ్ళ వరసలో కూర్చుని విన్నావు. ఇంటికొచ్చాక "బాగా చెప్పారండీ" అన్నావు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇక రాఘవమ్మ గారి సంగతి. పోయిన ఆదివారం ఆవిడ పెద్ద గేదె మేత మానేసింది. నెమరు లేదు. డొక్క ఉబ్బిపోయింది. ఆ పాల మీదే బతికే మనిషి కదా, దాని గంగడోలు నిమురుతూ తిండి లేకుండా అక్కడే కూర్చుంది. బుధవారం నేనే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి పశువుల డాక్టరు భవానీప్రసాద్ గారిని వెంటబెట్టుకొచ్చాను. వీధిలో వాళ్ళు నా మంచితనాన్ని తెగ మెచ్చుకున్నారు.

గేదెను రెండు గుంజల మధ్య కట్టేసి, మత్తు సూది వేసి, ఎడమ డొక్క కోశారు. డాక్టరు చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి లాగడం మొదలుపెట్టారు. ముద్దలు ముద్దలుగా ప్లాస్టిక్కు వచ్చింది. ఒక బకెట్ నిండి రెండోది తెచ్చాం. మధ్యలో గోరంత ముక్కలు తీసి చూపించి, "ఇవి నూనె ప్యాకెట్ల మూలలండీ. గడ్డికి అంటుకుని పోతాయి. బయట తిరిగినప్పుడు తిన్నవి, ఏళ్ళ తరబడి చేరినయ్యి" అన్నారు. నాకు మన అటక మీది డబ్బా కళ్ళ ముందు కదిలింది. చేతులెత్తి మొక్కాలనిపించింది, నీకు.

చివర ఒక గులాబీ రంగు కవరు వచ్చింది. ముడి వేసింది వేసినట్టే ఉంది. "దీంతో దారి మూసుకుపోయింది" అన్నారు డాక్టరు. గులాబీ కవర్లు మన వీధిలో ప్రేమదాసు బండివే. రాఘవమ్మ గారు లేచి వెళ్ళి అతన్ని నడి బజార్లో కడిగేసింది. "ప్రభువు మీద ఒట్టమ్మా, నేను మీ తొట్టి దగ్గరకే రాలేదు" అని అతను మొత్తుకున్నాడు. ఆవిడ వినలేదు. ఆ రోజు నుంచీ అతనికి పాలు ఆపేసింది. టీ లేని బండికి ఎవరొస్తారు?

అహల్యా, ఆ ముడి నాది. పరీక్ష పేపర్ల కట్టలకు నేను వేసే ముడి. తొక్కలు తొట్టిలో వెయ్యమన్నావు కదా, చేతికి అంటకుండా ఇడ్లీ తెచ్చుకున్న కవర్లోనే మూటగట్టి అలాగే పడేశాను. రాఘవమ్మ గారు విప్పుకుంటుందిలే అనుకున్నాను. నాలుగు రోజులుగా నోరు మూసుకుని, ప్రేమదాసు బండి ముందు తలొంచుకుని పోతున్నాను. నీకు రాశాక ఇక ఆగలేను. కలం మూసి ఆవిడ దగ్గరకే వెళ్తున్నాను.

మర్నాడు రాస్తున్నాను. వెళ్ళి చెప్పాను. ఆవిడ విని, గేదె కుట్ల మీద ఈగలు తోలింది. తర్వాత, "అహల్యమ్మ గారు ఊళ్ళో ఉంటే ఇట్టా అయ్యేది కాదు మాస్టారూ" అంది.

"ఆవిడైతే కవరు విప్పి వేసేది" అన్నాను.

"అదొక్కటే కాదండి. నాకు కళ్ళు సరిగ్గా ఆనవు గదా. ఇరవై రెండేళ్ళ నుంచీ రోజూ తెల్లారి ఆమే వచ్చి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తొట్టంతా వెతికేది. వీధి వీధంతా వేస్తారు గదా అందులో. పిన్నీసులు, కవర్లు, ఓసారి సగం బ్లేడు తీసింది. మీకు చెప్పలేదా?"

నువ్వు చెప్పలేదు. నేను మాత్రం ఒకటి అన్నాను. అల్లుడు గారు మొదటిసారి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర నువ్వు వడ్డిస్తుంటే, "చెయ్యి కుడితి కంపు కొడుతోంది, వెళ్ళి కడుక్కురా" అన్నాను. నువ్వు వెళ్ళి కడుక్కొచ్చావు. ఆ రోజు నుంచీ నా విస్తట్లో నీ చేత్తో ఏదీ వెయ్యలేదు, అన్నీ గరిటెతోనే. అది కూడా నాకు ఇప్పుడే తెలిసింది.

నిన్న రాఘవమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని ప్రేమదాసు దగ్గరకు తీసుకెళ్ళింది. నా చేతనే చెప్పించింది. అతను విని, "పోనీలెండి మాస్టారూ" అని స్టవ్వు మీద టీ గిన్నె పెట్టాడు. పాలు ఆవిడ తెచ్చినవే. గేదె ఈ ఉదయం లేచి నాలుగు గడ్డిపరకలు తింది, నెమరు వేస్తోంది.

ఇవాళ తెల్లవారి రెండో గేదె కోసం తొట్టిలో చెయ్యి పెట్టింది నేను. చల్లగా, జిగటగా ఉంది. ఒక పిన్నీసు దొరికింది. ఇరవై రెండేళ్ళు, రోజూ! అది పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నువ్వు వచ్చాక కూడా ఆ పని నాదే.

రెండుసార్లు సబ్బుతో కడిగాను, వాసన పోలేదు. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. కాగితానికి అంటుకుని ఉంటే ఉండనీ. వచ్చాక మాత్రం గరిటె పక్కన పెట్టి, నీ చేత్తో నాలుగు మెతుకులు వెయ్యి.

ఇట్లు,
నీ చేతి అన్నం కోసం కాచుకున్న
నీ భర్త,
కుటుంబరావు.