నిండా పోసిన నీళ్లు

శుక్రవారం, రాత్రి

జూబ్లీ హిల్స్‌లో నేను వంట చేసే ఇంటి పాప గాజుతొట్టిలో నీళ్లలో పుట్టే, బల్లిలాంటి సాలమాండర్‌ను పెంచుతోంది. దాని మెడ పక్కన కుచ్చుల్లాంటి మొప్పలు, తోక మీది పొర కరిగిపోతుంటే నీళ్లు చాలక జబ్బు చేసిందేమో అనుకుని ఈరోజు తొట్టి నిండా నీళ్లు పోశాను. పాప బడి నుంచి వచ్చి కేక పెట్టింది.

"ఏం జేసినవ్ ఆంటీ! దానికి ఊపిరితిత్తులొచ్చినయ్. గిప్పుడు గాలి గావాలె. ఎక్కనీకి రాయి లేకుంటే మునిగి చస్తది!"

నీళ్లలో పుట్టింది నీళ్లలోనే మునుగుతుందని నాకేం తెలుసు? సగం తోడేసి రాయి పెట్టాం. బతికింది.

నా కొడుకు బైకు ప్రమాదంలో పోయినప్పటి నుంచి కూతుర్ని ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు. సాయంత్రం నేను ఇంటికి రాగానే అది మళ్లీ అడిగింది.

"అమ్మా, కంప్యూటర్ ఆఫీసుల నౌకరి వచ్చింది. పోనా?"

"పో బిడ్డా" అన్నాను.

ఆ తర్వాత చెప్పింది, రాత్రి డ్యూటీ అని. వద్దనకుండా, డబ్బాలో ఏం పెట్టాలో అడిగాను.