వియత్నాం కొండ మీద తిరగలి

రమణీ,

అరకు వచ్చే టూరిస్టులకు మన వంటిల్లు చూపిస్తానని, నేను ఒప్పుకుంటేనే నీ గైడు ఉద్యోగం ఖాయమవుతుందని రాశావు. జవాబుకు ముందు మా వియత్నాం యాత్ర సంగతి ఒకటి చదువు.

అక్కడ గైడు మా పాతికమందినీ మనలాంటి కొండవాళ్ల ఇంట్లోకి తోలాడు. ఒకావిడ ఒంటరిగా తిరగలిలో మొక్కజొన్నలు విసురుతోంది. అందరితోపాటు నేనూ ఫోనెత్తాను. తర్వాత సిగ్గేసింది. విసిరే మనిషిని నిలబడి చూడడం మన ఊళ్లో మర్యాద కాదు. ఎదురుగా కూర్చుని పిడి పట్టుకున్నాను.

"ఓలమ్మ, టీచరమ్మా! ఇమానమెక్కొచ్చింది పిండి ఇసరడానికేటి?" అంది సాలూరు నుంచి మాతో వచ్చిన చిన్నమ్మలు.

ఆ ఇంటావిడ నవ్వి, జరిగి చోటిచ్చింది. ఇంతలో ఇంకో గుంపు దిగి, నన్నూ ప్రదర్శనలో భాగమనుకుని ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. తీయమంటారా అని ఒక్కరూ అడగలేదు. అంతకుముందు నేను మాత్రం అడిగానా, ఏమనను?

కాబట్టి నీ వాళ్లను తీసుకురా. చెప్పులు గుమ్మం బయట, ఫోన్లు నీ సంచిలో ఉండాలి. చోళ్లు నేనిస్తాను, వాళ్లు విసరాలి. విసిరినవాళ్లకు అంబలి పోస్తాను. ఊరికే నిలబడి చూడాలనుకునేవాళ్లకు బొర్రా గుహలున్నాయి.

మీ మామ్మ