ఫర్నేస్ ఒప్పుకోలేదు

రెజైనా,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

ప్రియమైన క్రిస్టఫర్ గారికి,

ప్రభువు నామంలో మీ ఎలీనా వందనాలు. ఆయన కృపవల్ల నేను, అత్తయ్య, మన పాప క్షేమంగానే ఉన్నాం. గని క్యాంపులో అందరికీ వండిపెట్టే మీరు కూడా వేళకు తింటున్నారని అనుకుంటున్నాను. అక్కడ ఫోన్ సగం మాట మింగేస్తుంది, అందుకే ఇలా రాయడమే నయం.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. పాపకు దగ్గు తగ్గింది. అచ్చం మీ పోలికే, ఆకలేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అత్తయ్య నా చెవుల్లో దూది ఇంకా తీయనివ్వడం లేదు. దాంతోనే చర్చికి వెళ్లాను, పాస్టర్ గారి ప్రసంగం సగమే వినిపించింది. "అమ్మ ఊరికి తిరిగెళ్తానని టికెట్ బుక్ చేయమంటోంది, మీరిద్దరూ పోట్లాడుకున్నారా?" అని మీరు అడిగారు. పోట్లాడుకోలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను, మీరు మాత్రం ఇక్కడినుంచి చివరికి దూకకండి.

ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది కదా, తీసేసి కొత్తది పెట్టించాలా అన్నారు. అక్కర్లేదు. అబ్బ, అదెంత గొప్పదో మీకు తెలియదు! ఇన్నాళ్లూ బేస్‌మెంట్‌లో ఇనప్పెట్టెలా పడి ఉంటే నేనూ పట్టించుకోలేదు. దానికి రెండు మంటలున్నాయి. మామూలు చలికి చిన్న మంట, చలి ముదిరితే పెద్ద మంట. గోడమీద వేడిని కొలిచే థర్మోస్టాట్ వేడి కావాలని అడగగానే అది గ్యాస్ వదలదు. ముందు ఒక చిన్న ఫ్యాన్ తిప్పి గాలి లాగుతుంది. గాలి సరిగ్గా ఆడుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటేనే మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, ఆ తర్వాతే గ్యాస్. మంట అంటుకున్నాక కూడా దానికి నమ్మకం ఉండదు. ఒక సన్నటి కడ్డీ ఆ మంటలో నిలబడి కాపలా కాస్తుంది, మంట కనబడకపోతే గ్యాస్ కట్. పెద్ద మంటకు మళ్లీ వేరే ప్రెషర్ స్విచ్. డిప్లొమాలో సర్క్యూట్లు బోలెడు చూశాను గానీ ఇంత జాగ్రత్తపరురాలిని చూడలేదు, మా అమ్మమ్మ తర్వాత.

చలిగాలుల వారం మొదట పెద్ద మంట రాలేదు. చిన్న మంటతోనే ఇల్లు ఎలాగో నెట్టుకొచ్చింది. తర్వాత ఒకరోజు పొద్దున్న అదీ ఆగింది. టెక్నీషియన్‌కు ఫోన్ చేస్తే ఊరంతా ఇదే గోల, సాయంత్రం దాకా రాలేనన్నాడు. చిన్న హీటర్ పెట్టి, పాపను అత్తయ్య ఒళ్లో ఉంచి, నేను కిందికి దిగాను.

ఫర్నేస్ తలుపు విప్పాను. ఫ్యాన్ తిరుగుతుంది, ఆగుతుంది, బోర్డు మీద లైటు మినుకుమంటుంది. తలుపు లోపల అంటించిన పట్టీ చూస్తే ఆ మినుకులకు అర్థం 'ప్రెషర్ స్విచ్' అని ఉంది. స్విచ్చే చెడిందనుకున్నాను. పైనుంచి పాప ఏడుపు. ఏం చేయబోయానో ఇప్పుడు కాదు, తర్వాత రాస్తాను. ఇంతలో ఆ ఫ్యాన్ మళ్లీ తనంతట తానే తిరిగింది, కాసేపు చూసింది, ఆగింది. మళ్లీ అదే మినుకు. ఇది వెలగలేక కాదు, ఏదో చూసి వద్దంటోంది అని అప్పుడు తట్టింది. దానికి గాలి వచ్చే గొట్టం చూద్దామని కోటు వేసుకుని బయటికి పరిగెత్తాను.

ఇంటి పక్క గోడకు రెండు తెల్ల గొట్టాలున్నాయి చూడండి, ఒకటి పొగ వదిలేది, ఒకటి గాలి పీల్చేది. పీల్చేదాని నిండా అత్తయ్య పాత చీర ముక్క! దానిమీద మంచు పేరుకుని రాయైపోయింది.

"బాలింతకి గాలి తగలకూడదు కదమ్మా! చెయ్యి పెడితే గాలి సర్రున ఇంట్లోకి పోతా ఉంది. పసిగుడ్డు ఉన్న ఇల్లని కుక్కేశాను," అన్నారు అత్తయ్య. కిటికీల సందులన్నీ మూసినట్టే అదీ మూశారు.

గుడ్డ లాగేశాక చిన్న మంట వెలిగింది, కాసేపటికి పెద్ద మంటా అందుకుంది. ఫర్నేస్ తలుపుకున్న చిన్న అద్దంలోంచి నీలంగా కనిపిస్తుంటే చేతులు జోడించాలనిపించింది, నిజం.

సాయంత్రం టెక్నీషియన్ వచ్చి అంతా పరీక్షించాడు. "థ్యాంక్ గాడ్, ఎవరూ ఆ స్విచ్‌ని వైరుతో దాటించి జంప్ చేయలేదు. గాలి చాలక మండితే విషవాయువు పుడుతుంది. అది ఇంట్లోకొస్తే వాసన కూడా తెలీదు," అన్నాడు. అత్తయ్య అడిగితే తెలుగులో చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

ఆరోజు నుంచి అత్తయ్య పాపను ఎత్తుకోలేదండీ. స్నానం చేయించమన్నా, "నా చేతులు మంచివి కావమ్మా," అనేవారు. టికెట్ సంగతి అదీ. నేనెంత చెప్పినా వినలేదు, ఎందుకంటే నేను సగమే చెప్పాను.

మిగతా సగం ఇది. ఆ పొద్దున్న నా చేతిలో వైరు ముక్క ఉంది. రెండు కొనలూ ఒలిచి, ఆ స్విచ్‌ను దాటించి కలిపేయబోయాను. స్విచ్చే అబద్ధం చెబుతోందని అంత ధీమా నాకు. వైరు తగలడానికి వెంట్రుకవాసి దూరం. ఆ ఫ్యాన్ మళ్లీ తిరగకపోయి ఉంటే కలిపేసేదాన్నే.

నిన్న కుటుంబ ప్రార్థనలో అత్తయ్య, "తండ్రీ, నా తెలివితక్కువకి పసిబిడ్డ పోయేది, నన్ను క్షమించు," అని ఏడ్చారు. నాకు ఆమెన్ అనడానికి నోరు రాలేదు. కళ్లు తెరిచి వైరు సంగతంతా చెప్పేశాను. "మీరు గాలి మూశారు, వద్దంటున్నదాని నోరు నేను మూయబోయాను. తెలియక మీరు, తెలిసి నేను," అన్నాను.

అత్తయ్య తిడతారనుకున్నాను. "అయితే ఈ ఇంట్లో బుద్ధున్నది ఆ పెట్టెకేనన్నమాట," అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, పాపవైపు రెండు చేతులూ చాచి, "ఇలా ఇయ్యి దాన్ని," అన్నారు.

ఇది రాస్తున్నంతసేపూ పాప ఆవిడ ఒళ్లోనే ఉంది. టికెట్ బుక్ చేయకండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు, మీ పాప తల్లి,
ఎలీనా